ఎవరు చేసిన పాపం? బైబిల్లో ఈ ప్రశ్న నడిచిన దారి

పోయిన ఏడాది మా బంధువుల ఇంట్లో పదహారేళ్ల పిల్లాడు డెంగీతో పోయాడు. ఆదరణ కూడికకు నేనూ వెళ్లాను. పాటలయ్యాయి, ప్రార్థన అయ్యింది, తర్వాత ఒక పెద్దాయన లేచి, ఇంట్లో దాచిపెట్టిన పాపం ఏదైనా ఉంటే ఈ రోజే ఒప్పుకోండి అని ఆ తల్లి వైపు చూసి అన్నారు. ఆమె తల ఎత్తలేదు. ఆమె వెనక గోడ మీద ఫ్రేము కట్టించిన వాక్యం వేలాడుతోంది: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, కొట్లలో, వాగ్దాన కార్డుల మీద అందరూ చూసిందే, యోబు 8:7. ఆ వాక్యం సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఆ పెద్దాయన మాట ఎక్కడిదో చూద్దాం. అది ఆయన కల్పించింది కాదు, బైబిల్లోనే ఒక పాత పొరలో ఉంది.

ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం తీయండి. దేవుని మాట వింటే వాన, పంట, పిల్లలు, శత్రువు మీద గెలుపు. ఈ దీవెనలు 14 వచనాలు. వినకపోతే జ్వరం, కరువు, ఓటమి, కళ్ల ముందే పిల్లలు పరాయి చేతుల్లోకి పోవడం. ఈ శాపాలు 54 వచనాలు. నిజానికి అది ఒక జాతి మొత్తం దేవునితో చేసుకున్న నిబంధన గురించిన మాట. రానురాను అదే లెక్క ఒక్కో మనిషి మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఈ లెక్క అంత గట్టిగా ఎందుకు పాతుకుపోయిందంటే, ఆ రోజుల్లో ఇశ్రాయేలీయులకు చనిపోయాక తీర్పు, స్వర్గం, నరకం అనే ఆలోచనే దాదాపు లేదు. పోయినవాళ్లంతా షియోల్‌కి పోతారు, మన తెలుగు బైబిల్లో పాతాళమనీ మృతుల లోకమనీ ఉన్నది అదే. అది శిక్ష వేసే చోటు కాదు, చీకటి, మౌనం, నీడలా ఉండటం, అంతే. మొదటి సమూయేలు 28లో సౌలు రాజు ఏన్దోరులోని స్త్రీ చేత చనిపోయిన సమూయేలును రప్పిస్తే, సమూయేలు ఏమన్నాడు? రేపు నువ్వూ నీ కొడుకులూ నాతో ఉంటారన్నాడు. ప్రవక్తకీ, దేవుడు వద్దనుకున్న రాజుకీ ఒకటే చోటు! పాతాళంలో నిన్ను ఎవరు స్తుతిస్తారని 6వ కీర్తన దేవుణ్ణే అడుగుతుంది. మరి అక్కడ న్యాయం జరగనప్పుడు, మంచికీ చెడుకీ ఫలితం ఇక్కడే, ఈ బతుకులోనే కనిపించాలి కదా.

కానీ కనిపించలేదు. మనష్షే అనే దుర్మార్గపు రాజు యెరూషలేములో 55 ఏళ్లు ఏలాడు. విగ్రహాలు తీయించి, ధర్మశాస్త్రం తిరిగి నిలబెట్టిన అతని మనవడు యోషీయా మాత్రం 39 ఏళ్లకే, క్రీ.పూ. 609లో, మెగిద్దో దగ్గర ఐగుప్తు ఫరో నెకో చేతిలో చచ్చిపోయాడు. రాజుల గ్రంథం దీనికి కారణమే చెప్పదు. తర్వాత రాసిన దినవృత్తాంతాల గ్రంథం చూడండి, అక్కడ మనష్షే చివర్లో మారుమనస్సు పొందాడు, యోషీయా మాత్రం నెకో నోట వచ్చిన దేవుని మాట వినలేదు. మొదటి పుస్తకంలో కుదరని లెక్క రెండోదాంట్లో కుదిరింది. చనిపోయిన మంచివాడిలో ఏదో ఒక తప్పు వెతికితే తప్ప మనసు ఊరుకోదు కాబోలు.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును తగలబెట్టింది, దేవాలయం కూలిపోయింది, జనాన్ని బబులోనుకు పట్టుకుపోయారు. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని వాళ్లు సామెత చెప్పుకున్నారు. ఇక ఆ సామెత పలకొద్దని, ఎవరి పాపం వాళ్లదేనని యెహెజ్కేలు 18వ అధ్యాయం గట్టిగా అంటుంది. పిల్లలకు అది పెద్ద ఊరటే. అయితే దానివల్ల ఇంకో చిక్కు వచ్చింది, బాధపడేవాడు ఇప్పుడు తన అమ్మానాన్నల మీదకు కూడా నెట్టలేడు, తప్పు తనదే అయి తీరాలి.

అక్కడే, ఏ తప్పూ లేని నీతిమంతుడని బైబిలే చెప్పే యోబు నిలబడి కాదంటాడు. ఈ గ్రంథం ఎప్పుడు రాశారన్నదాని మీద పండితులు ఒక మాట మీద లేరు, చాలామంది ఈ బబులోను చెర కాలానికీ ఆ తర్వాతి కాలానికీ దగ్గరగా పెడతారు. పదిమంది పిల్లలూ ఒక్కరోజే పోయారు, ఒళ్లంతా కురుపులు. స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక ముగ్గురిదీ ఒకటే పాట, నువ్వేదో చేసుంటావు, ఒప్పుకో. యోబుకు పరలోకం ఆశ కూడా పెద్దగా లేదు, నరికిన చెట్టయినా మళ్లీ చిగురిస్తుంది, పడుకున్న మనిషి లేవడని 14వ అధ్యాయంలో ఏడుస్తాడు. 19వ అధ్యాయంలో మాత్రం నా విమోచకుడు సజీవుడు అని ఒక్క కేక. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు కానీ, బాధ ఎందుకొచ్చిందో చెప్పలేదు. మొదటి అధ్యాయంలో యోబును పరీక్షించడం గురించి దేవునికీ అపవాదికీ, అంటే సాతానుకీ, మధ్య జరిగిన సంభాషణ గురించి యోబుకు ఆఖరి దాకా తెలియదు. కానీ 42:7లో దేవుడు స్నేహితుల మీద కోప్పడ్డాడు, యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదన్నాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ల మీద కోపం, నిలదీసినవాడికి మెప్పు. ఈ వచనం మన కూడికల్లో ఎంత తక్కువ వినిపిస్తుందో.

పాత లెక్క పూర్తిగా విరిగిపోయింది మాత్రం క్రీ.పూ. 167లో. సిరియా రాజు నాలుగో అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి, సున్నతినీ విశ్రాంతిదినాన్నీ నిషేధించాడు. ధర్మశాస్త్రం పాటించినవాళ్లను ఆ పాటించినందుకే చంపారు. ఇంతకుముందు మంచివాడికి కష్టం ఎందుకొచ్చిందన్నది ప్రశ్న, ఇప్పుడు మంచి చేసినందుకే చావు. ఇక దాచిన పాపం ఎక్కడ వెతుకుతారు? దానియేలు 12:2, మట్టిలో నిద్రించేవాళ్లలో అనేకులు లేస్తారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు అని పలికేది ఈ నేపథ్యంలోనే అని ఎక్కువమంది పండితుల మాట, దానియేలే బబులోనులో ముందుగా రాశాడని సంప్రదాయం. ఏది ఒప్పుకున్నా, హెబ్రీ లేఖనాల్లో రెండు వైపులకూ పునరుత్థానాన్ని ఇంత విప్పి చెప్పిన చోటు ఇంకొకటి లేదు. రెండో మక్కబీయుల గ్రంథం 7లో ఏడుగురు కొడుకులు తల్లి కళ్ల ముందే ఒకరి తర్వాత ఒకరు హింసపడి చస్తూ, దేవుడు మమ్మల్ని తిరిగి లేపుతాడంటారు. ఆ గ్రంథం కతోలిక బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంట్ బైబిల్లో లేదు, అందుకే మనలో చాలామంది ఆ తల్లి కథ వినలేదు. పారసీక మతం ప్రభావం కూడా ఉందంటారు కొందరు, ఉండొచ్చు, కానీ ఆ ఆశకు అసలు తొందర పుట్టించింది ఈ చావులే అని నా నమ్మకం.

యేసు కాలానికి కూడా ఇది తేలలేదు. యూదుల్లోనే రెండు వర్గాలు, పరిసయ్యులు పునరుత్థానం ఉందనేవారు, సద్దూకయ్యులు లేదనేవారు. నరకం అని మనం చదివే మాట యేసు మాటల్లో గెహెన్నా, అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. ఒకప్పుడు పిల్లల్ని మోలెకు అనే దేవతకు బలిగా కాల్చిన చోటు అది, యోషీయా దాన్ని అపవిత్రం చేయించాడు. అక్కడ ఎప్పుడూ చెత్త కాలుతుండేదని ప్రసంగాల్లో చెప్తారు కానీ, ఆ మాట మనకు దొరికేది సుమారు క్రీ.శ. 1200 నాటి యూదు పండితుడు దావీదు కింహీ వ్యాఖ్యానంలో. షియోల్ వేరు, గెహెన్నా వేరు. తెలుగులో పాతాళం, నరకం అనగానే మన చెవికి యముడూ చిత్రగుప్తుడూ కూడా వినిపిస్తారు, పూర్వజన్మ కర్మ అనే మాటకు అలవాటుపడ్డ ఊళ్లలో యోబు స్నేహితుల లెక్క ఇట్టే సర్దుకుపోయింది.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా? ఇద్దరూ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. వెంటనే మీరు మారుమనస్సు పొందాలి అని కూడా అన్నాడు, కానీ అన్నది బతికున్నవాళ్లతో, నిలబడి వింటున్న అందరితో. శవాల దగ్గర ఏడుస్తున్న ఒక్క ఇంటివాళ్లతో కాదు.

ఇక ఆ గోడ మీది వాక్యం. యోబు 8:7 దేవుడన్న మాట కాదు, యోబు అన్నదీ కాదు, స్నేహితుల్లో ఒకడైన బిల్దదు అన్నది. దానికి మూడు వచనాల ముందు, 8:4లో, అదే బిల్దదు పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తండ్రి ముఖం మీదే అన్నాడు, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడేమో అని.