మార్పు పంపడం సులువు, చదివేవారే కరువు

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతూ స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు తొలి ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపిన విద్యార్థికి వారాలు గడిచినా జవాబు రాకపోవచ్చు. ఉదాహరణకు 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చిరునామా ఫారంలో జిల్లాల పట్టిక ఉన్న ప్రాజెక్టులో ఆ పేరు చేర్చడం ఒక్క వరుస పనే. కానీ శ్రీకాళహస్తి చిత్తూరు నుంచి, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి కొత్త జిల్లాలోకి వచ్చాయని ధ్రువీకరించి ఆమోదించగలవారు ఆ ప్రాజెక్టులో ఎవరు? అలాంటి మార్పు వచ్చిందన్న సంగతి వారికి ఎలా చేరుతుంది? ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి తప్పులు పట్టే కోడ్ సమీక్ష చరిత్రలో మొదటి నుంచీ నలుగుతున్న ప్రశ్నలు ఇవే.

1976లో ఐబీఎంకు చెందిన మైకేల్ ఫేగన్ ప్రచురించిన తనిఖీ పద్ధతిలో కొద్దిమంది ఒకచోట కూర్చుని కోడ్‌ను వరుసవారీగా చదివేవారు. దేశానికొకరుగా ఉండే స్వచ్ఛంద కార్యకర్తలకు అది కుదిరే పని కాదు. 1985లో ల్యారీ వాల్ రాసిన ‘ప్యాచ్’ ప్రోగ్రాం వల్ల మారిన వరుసలను మాత్రమే పంపితే అవతలివారు తమ ప్రతిలో వాటిని అతికించుకునే వీలు కలిగింది. దానితో సమీక్ష మెయిల్‌లోకి చేరింది.

1991లో మొదలైన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ దారినే పెరిగింది, దాని ఇబ్బందులనూ ముందుగా చవిచూసింది. ప్యాచ్‌లన్నీ చివరకు దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దగ్గరికే చేరేవి. ఆయన తీసుకున్నారో, పక్కన పెట్టారో, అసలు చూడనేలేదో పంపినవారికి తెలిసేది కాదు కనుక జవాబు రాకపోతే మళ్ళీ పంపడమే ఆనవాయితీ అయింది. దీనిపై 1998లోనూ, 2002లోనూ బహిరంగంగానే వాదోపవాదాలు నడిచాయి. 2005 ఏప్రిల్‌లో, మార్పుల చరిత్రను భద్రపరచడానికి లినక్స్ బృందం వాడుతున్న బిట్‌కీపర్ ఉచిత వాడకం రద్దయిన తరుణంలో, టోర్వాల్డ్స్ అదే పనికి గిట్‌ను రాశారు. మార్పులను కలపడం దానితో ఎంతో తేలికైంది గానీ చదవడం మాత్రం మనుషులకే మిగిలింది. నా దృష్టిలో అంతకంటే ఉపయోగపడినది మెయింటెయినర్స్ అనే సాదా ఫైలు: ఏ భాగాన్ని ఎవరు చూస్తారో, దాన్ని చూసేవారు అసలు ఉన్నారో లేదో అందులో రాసి ఉంటుంది.

అపాచీ వెబ్ సర్వర్ బృందం మరో దారి పట్టింది. నమ్మకం సంపాదించినవారు మార్పును ముందు చేర్చేస్తారు, ఆ సంగతి మెయిల్‌లో అందరికీ వెళుతుంది, తప్పుంటే ఎవరైనా అభ్యంతరం చెబుతారు. బృందం చిన్నదైతే ఇది చక్కగా సాగుతుంది. పెద్దదైతే ఏమవుతుందో మీడియావికీ అనుభవం చెబుతుంది. తెలుగు వికీపీడియా కూడా ఆ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. ముందు చేర్చి తరువాత చూసే పద్ధతిలో చూడని మార్పులు గుట్టగా పేరుకుపోయి, 1.17 కూర్పు విడుదల 2011 దాకా సాగింది. 2012 మార్చిలో గెరిట్ అనే సమీక్షా సాఫ్ట్‌వేర్‌కు మారాక సమీక్ష కానిదే ఏదీ లోపలికి వెళ్ళడం లేదు. నిరీక్షణ తీరిందా అంటే లేదు, అది రాసినవారి వైపు జరిగింది. అందుకే ఆసక్తి ఉన్నవారు ఏయే ఫైళ్ళు చూడగలరో ముందే ఒక పేజీలో రాసుకుంటే, ఆ ఫైళ్ళు మారినప్పుడు బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) వారిని సమీక్షకులుగా చేర్చే ఏర్పాటు చేశారు.

2008లో వచ్చిన కోడ్ పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్, పుల్ రిక్వెస్టును (మార్పును చేర్చుకోమనే వినతిని) ఒక్క మీట నొక్కినంత సులువు చేసింది. ప్రాజెక్టును ‘వాచ్’లో పెట్టుకున్నవారికి ప్రతి వ్యాఖ్యా నోటిఫికేషనే. 2020 అక్టోబరులో, ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి బహుమతిచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ పోటీ టీషర్టు కోసం పనికిరాని మార్పులు వెల్లువెత్తితే, కోరుకున్న ప్రాజెక్టులకే పోటీ వర్తించేలా నిర్వాహకులు అదే నెలలో నిబంధన మార్చవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో వెలువడిన గెరిట్ 3.3, ఒక మార్పు విషయంలో ఇప్పుడు ఎవరు స్పందించాలో చూపడం మొదలుపెట్టింది. అందరికీ అన్నీ తెలియజేయడం కంటే ఇది మేలు. ఇంత ఆలస్యంగా రావడమే ఆశ్చర్యం.

ఈ భారం ఎంత ప్రమాదకరమో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ ఉదంతం బయటపెట్టింది. ఫైళ్ళ పరిమాణం తగ్గించే ఆ కుదింపు సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కరే, జీతం లేకుండా చూసుకున్నారు. ప్యాచ్‌లు కదలడం లేదని, ఇంకొకరికి బాధ్యత ఇవ్వాలని 2022లో ఆయనపై మెయిళ్ళలో ఒత్తిడి వచ్చింది. సాయానికని అప్పటికే చేరువై, నమ్మకం సంపాదించి సహ నిర్వాహక స్థానానికి ఎదిగిన వ్యక్తి పేరుతోనే తరువాతి కూర్పుల్లోకి దొంగదారి (బయటివారు రహస్యంగా ప్రవేశించేందుకు దాచిన కోడ్) చొరబడింది.