డిస్టిలర్ అడుగున తెల్లపొర

ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అందరికీ తెలిసిందే. ఆ నీళ్లను ఇంట్లోనే తీసిపెట్టే మెషీను వాటర్ డిస్టిలర్. స్టీలు గిన్నెలో నీళ్లు మరుగుతాయి. ఆవిరి పైనున్న గొట్టంలోకి వెళ్లి, ఫ్యాను గాలికి చల్లబడి, చుక్కలుగా జగ్గులోకి దిగుతుంది. సూత్రం ఇంతే. కానీ కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్లు పోస్తే చూడాల్సింది జగ్గును కాదు, గిన్నె అడుగును.

నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని తొలిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఈ ఊళ్లూ అప్పట్లో ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని భారత ప్రమాణం. కాచి చల్లారిస్తే అది పోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు సరికదా, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. డిస్టిలర్ ఆవిరిని మాత్రమే పట్టుకుంటుంది, ఫ్లోరైడును గిన్నెలోనే వదిలేస్తుంది. అందుకే పనికొస్తుంది.

లెక్క వేసి చూడండి. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగున్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1500 ఉన్న నీళ్లు 4 లీటర్లు పోస్తే అందులో సుమారు 6 గ్రాముల లవణాలుంటాయి. వేడికి కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కార్బన్ డయాక్సైడు గాల్లో కలుస్తుంది, కాల్షియం కార్బనేట్ అడుగున గట్టిగా అంటుకుంటుంది. గీజరు రాడ్డుకు పట్టేది కూడా ఇదే సున్నం. స్టీలుతో పోలిస్తే ఈ పొర గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. దాంతో అడుగు అతిగా కాలి, నీళ్లు ఇంకా మిగిలుండగానే థర్మోస్టాట్ మెషీన్ని ఆపేస్తుంది. చాలామంది మెషీను పాడైపోయిందని కంగారుపడేది ఇక్కడే.

దీనికి మందు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. పొర మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాలు వేసి, బాగా వేడెక్కగానే స్విచ్ ఆపేయాలి. సన్నటి బుడగలు సుయ్‌మంటూ పైకి లేస్తాయి, పొర అంచుల దగ్గర పెచ్చులుగా ఊడుతుంది. గంటా రెండు గంటలు వదిలేసి కడిగేయడమే. తెర్లనివ్వకండి. కాల్షియం సిట్రేట్ వేడి నీళ్లలో సరిగా కరగదు, ఒక తెలుపు పోయి ఇంకో తెలుపు పేరుకుంటుంది. బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులోని క్లోరైడు స్టీలుకు చిల్లులు పెడుతుంది. బ్లీచింగ్‌తో నిమ్మ ఉప్పు కలిపితే విషవాయువు వస్తుంది. కరెంటు భాగాలున్న అడుగును నీళ్లలో ముంచకూడదని వేరే చెప్పాలా!

గిన్నె శుభ్రంగానే ఉన్నా నీళ్లు ఆలస్యంగా వస్తుంటే వోల్టేజీ చూడండి. 4 లీటర్లు ఆవిరి కావడానికి దాదాపు 3 యూనిట్ల కరెంటు కావాలి. 230 వోల్టుల దగ్గర 750 వాట్లు లాగే మెషీను, 180 వోల్టులకు పడిపోతే 460 వాట్లే ఇస్తుంది. నాలుగు గంటల పని ఆరు దాటుతుంది. ఫ్యాను తిరగకపోతే ఆవిరి నీరుగా మారకుండా పక్కల నుంచి పోతుంది, ముందు దాని రెక్కల మీద దుమ్ము దులపండి.

జగ్గులో నీటికి టీడీఎస్ పెరిగితే, గీత దాటి నీళ్లు పోయడంవల్లో నురగవల్లో తుంపరలు ఆవిరితో పాటు వెళ్తున్నాయని అర్థం. టీడీఎస్ మీటరు ఫ్లోరైడును విడిగా చెప్పదు, అది మర్చిపోకండి. వాసన వస్తే మూతి దగ్గరి బొగ్గు ఫిల్టరు మార్చే సమయమైందన్నమాట. ఆవిరితో పాటు ఎగిరే రసాయనాలను ఆపేది అదొక్కటే.

ఇక గిన్నెలో మిగిలే పావు లీటరు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీళ్లయితే 4 లీటర్లలోని 12 మిల్లీగ్రాములూ దాదాపుగా ఇందులోనూ అడుగు పొరలోనూ ఉంటాయి. నీళ్లు వృథా ఎందుకని కుడితిలో పోస్తుంటారు. గేదెకైనా ఫ్లోరోసిస్ వస్తుంది, కాబట్టి ఆ నీళ్లు మురుగుకాలవలోకే పోనివ్వండి.