చిటుక రోగం నుంచి దావత్ కూర దాకా: తిండిలో సూక్ష్మజీవుల పరిశోధన ఎలా నడిచింది

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు గొల్ల కురుమలకు వానాకాలం మొదట్లో పెద్ద టెన్షన్ చిటుక రోగం. నాలుగు వానలు పడి లేత గడ్డి మొలుస్తుంది. మంద కడుపు నిండా మేస్తుంది. మర్నాడు పడిపోయేది బక్క జీవం కాదు, అన్నిటికంటే బాగా బలిసిన పిల్ల. పొద్దున గంతులేసింది మధ్యాహ్నానికి కాళ్లు కొట్టుకుని చనిపోతుంది. మందు పోసే వ్యవధి కూడా ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేయించుకోవాలని పశువైద్యులు ఏటా చెప్తారు.

దీనికి కారణం క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. అది గొర్రె పేగులో మామూలుగానే కొంత ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ మేత పడితే అరగని పిండిపదార్థం పేగులోకి దిగుతుంది, దాని మీద ఇది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. గొర్రెల్లో ఈ పని చేసేది టైప్ డి రకం. ఇదే జాతిలోని మరో రకం మనుషులకు విరేచనాలు పట్టిస్తుంది. దాన్ని ఇప్పుడు టైప్ ఎఫ్ అంటున్నారు. దావత్ మర్నాడు ఇంటింటా కడుపునొప్పి అని విన్నప్పుడు ముందుగా అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

గొర్రె సంగతి పశువైద్యుడు చూస్తాడు, మనిషి సంగతి ఆస్పత్రి డాక్టరు చూస్తాడు. ఈ రెండు చూపులు కలిసినప్పుడల్లా పరిశోధన గట్టి అడుగు వేసింది. కలవనప్పుడు ఏళ్లు వృథా అయ్యాయి. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే.

క్లాస్ట్రిడియం సంగతే చూడండి. అమెరికాలో వెల్చ్, నటాల్ దీన్ని 1892లోనే వర్ణించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కుళ్లడానికి కారణమని బాగా పేరు పడింది. తిండి ద్వారా జబ్బు చేస్తుందని గట్టిగా నిరూపించింది మాత్రం 1953లో, ఇంగ్లండ్‌లో బెట్టీ హాబ్స్ బృందం. ముందురోజు వండి, మెల్లగా చల్లారిన మాంసం దగ్గర వాళ్లకు జాడ దొరికింది.

మన దావత్‌లలో జరిగేదీ అదే. యాటను కోసేటప్పుడు పేగు తెగితే, బోటి కడిగిన నీళ్లే మాంసం మీద పడితే ఈ బ్యాక్టీరియా కూరలోకి చేరుతుంది. పెద్ద గంజులో కూర తెర్లుతుంటే మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దీని స్పోర్లు, అంటే గట్టి పొర కట్టుకుని నిద్రపోయే రూపాలు, చావవు. పైగా ఆ వేడికే మేల్కొంటాయి. కూర ఉడికేటప్పుడు అందులోని గాలి వెళ్లిపోతుంది, గాలి లేని చోటే దీనికి ఇష్టం. పొయ్యి ఆర్పి మూత పెట్టేస్తాం. గంజు నిండా ఉన్న కూర గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య ఈ బ్యాక్టీరియా దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రి వండిన కూరను పొద్దున కొంచెం వెచ్చబెట్టి వడ్డిస్తే, తిన్నవాళ్లకు ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపులో మెలిపెట్టి విరేచనాలు మొదలవుతాయి. జ్వరం సాధారణంగా ఉండదు, ఒక రోజులో తగ్గిపోతుంది. తగ్గిపోతుంది కాబట్టే ఎవరూ పరీక్షలకు పోరు. మసాలా ఎక్కువైందనో, దిష్టి తగిలిందనో అనుకుని ఊరుకుంటారు.

సాల్మొనెల్లా కథ పందుల దగ్గర మొదలైంది. 1885లో అమెరికా పశువైద్యుడు డేనియల్ సాల్మన్ దగ్గర పనిచేస్తున్న థియోబాల్డ్ స్మిత్, జబ్బుపడ్డ పందుల్లో ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పందుల కలరాకు ఇదే కారణమని ఇద్దరూ నమ్మారు. తర్వాతి కాలంలో ఆ జబ్బు వైరస్‌దని తేలింది. బ్యాక్టీరియాకు మాత్రం సాల్మన్ పేరు నిలిచిపోయింది. మూడేళ్లకు, 1888లో, జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌజెన్‌లో జబ్బు ఆవును కోసి అమ్మిన మాంసం తిని యాభై మందికి పైగా మంచాన పడ్డారు, ఒకరు చనిపోయారు. ఆగస్ట్ గేర్ట్‌నర్ ఆ మాంసంలోను, చనిపోయిన మనిషి ప్లీహంలోను ఒకే బ్యాక్టీరియాను చూపించాడు. తినే పశువుకూ తిన్న మనిషికీ మధ్య దారం అంత స్పష్టంగా దొరకడం చాలా పెద్ద సంగతి. అదే సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ వందేళ్ల తర్వాత, 1980లలో, కోడిగుడ్డు లోపలికే చేరి యూరప్‌ను, అమెరికాను వణికించింది. పెంకు పగలని, శుభ్రంగా కనిపించే గుడ్డులోనూ అది ఉండగలదు, ఎందుకంటే పెట్ట కడుపులో గుడ్డు తయారయ్యేటప్పుడే లోపలికి పోతుంది. బ్రిటన్ కోళ్లకే టీకాలు వేయించింది, మనుషుల్లో కేసులు బాగా పడిపోయాయి. మన దగ్గర 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. హన్మకొండ చౌరస్తాలో మోమోలు అమ్మే బండి దాకా వచ్చిన ఆ ఉత్తర్వు వెనుక ఇంత కథ ఉంది.

ఆంత్రాక్స్ మనకు మరీ దగ్గరిది. దొమ్మ రోగం అంటే పాతవాళ్లకు వెంటనే తెలుస్తుంది. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు చనిపోతే ఆంత్రాక్స్ అని తేలింది. దీని జీవితచక్రాన్ని 1876లో రాబర్ట్ కాఖ్ విప్పాడు. 1881లో పాశ్చర్ గొర్రెలకు టీకా వేసి జనం ముందే నిరూపించాడు. ఇప్పుడు పశువులకు వేసే టీకాకు మూలం 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ చేసిన పని. ఇంత తెలిసినా ఊళ్లో ఆగని పని ఒకటుంది: పడిపోయిన జీవాన్ని ప్రాణం పోకముందే గొంతు కోసి, కుప్పలేసి తక్కువ ధరకు పంచుకోవడం. వేల రూపాయల జీవం మట్టిపాలవుతుంటే కాపరి చూస్తూ ఊరుకోలేడు, ఆ బాధను నేను తప్పుపట్టను. కానీ కళేబరాన్ని కోసి గాలి తగలనిస్తేనే ఈ బ్యాక్టీరియా స్పోర్లుగా మారి ఆ నేలలో దశాబ్దాలు ఉండిపోతుంది. ప్రభుత్వం నష్టపరిహారం వెంటనే చేతికిస్తే తప్ప ఒట్టి హెచ్చరికలతో ఈ అలవాటు పోదు. 2019 పశుగణనలో కోటీ తొంభై లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

వైరస్‌ల వంతు ఆలస్యంగా వచ్చింది, వాటిని చూడటానికే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. 1955 చివర్లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. క్లోరిన్ ఎక్కువ వేయడంతో బ్యాక్టీరియా జబ్బులు పెరగలేదు, వైరస్ మాత్రం దాటుకుని వచ్చింది. అది హెపటైటిస్ ఇ అని తేలడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 1997లో ఇలాంటి వైరస్ పందుల్లోనూ దొరికింది. మన దేశంలో మనుషులకు వచ్చేది మాత్రం ప్రధానంగా నీళ్ల ద్వారా వ్యాపించే మనుషుల రకమే. పిల్లల విరేచనాలకు కారణమైన రోటా వైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం గుర్తించింది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జబ్బు లక్షణాలు లేని పసిపిల్లల దగ్గర 116ఇ అనే రకం దొరికింది. అది మనిషి వైరస్సే, అందులో ఒక జన్యువు ఆవుల వైరస్ నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకా చుక్కలు దాని నుంచే వచ్చాయి.

ఇప్పుడు వరంగల్‌లోనే 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ పక్కన చెంగిచెర్లలో మాంస పరిశోధన సంస్థ ఉంది. అయినా ఒక హాస్టల్లో పిల్లలు జబ్బుపడితే మలం నమూనా ఒక శాఖకు, కూర నమూనా నాచారంలోని ఆహార ప్రయోగశాలకు, పశువు సంగతి ఇంకో శాఖకు పోతాయి. 2024 అక్టోబరు చివర్లో కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో పదుల సంఖ్యలో పిల్లలు జబ్బుపడ్డారు. వారాలపాటు చికిత్స పొందిన ఒక అమ్మాయి నవంబరులో చనిపోయింది. ఇలాంటి చోట తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, ఏం తిని ఇలా అయింది అని. దానికి జవాబు చెప్పాలంటే తిండి మిగిలి ఉండాలి. ఉదాహరణకు క్లాస్ట్రిడియం అని తేల్చాలంటే గ్రాము కూరలో కనీసం లక్ష బ్యాక్టీరియా కనిపించాలి. మన దగ్గర గొడవ కాగానే ముందు జరిగేది గంజులు కడిగేయడం. గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు ప్రతి పూట వండిన దాంట్లో ఒక గరిటె శుభ్రమైన డబ్బాలో వేసి, తేదీ రాసి, రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి. పిల్లలకు యాంటీబయాటిక్ ఇవ్వకముందే మలం నమూనా తీయాలి. మాంసం, పాలు, గుడ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మంద దగ్గరికి, ఆ ఫారం దగ్గరికి పశువైద్యుణ్ని అదే రోజు పంపాలి.