బాదం, పిస్తా, అక్రోటు వేరుమూలాల టిష్యూ కల్చర్: అపోహలు - వాస్తవాలు

టిష్యూ కల్చర్ అనగానే, అంటే చిన్న మొక్క ముక్కలను సీసాల్లో పెంచి మొక్కలు చేయడమనగానే, మన రైతులకు అరటి గుర్తుకు వస్తుంది. అదే పద్ధతిలో అక్రోటు, పిస్తా, బాదం చెట్లకు వేరుమూలాలను నర్సరీల కోసం పెంచుతామని చెప్పినప్పుడు, హైదరాబాద్‌లోని మా ప్రయోగశాలకు వచ్చేవారి ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తాయి.

అపోహ: ఈ మొక్కను నాటితే కాయలు కాస్తాయి.

వాస్తవం: వేరుమూలం చెట్టుకు కింది భాగం మాత్రమే. ఉత్తర కాలిఫోర్నియా నల్ల అక్రోటుకు, మనం తినే అక్రోటుకు పుట్టిన ‘పారడాక్స్’ సంకరం బలమైన వేళ్లనిస్తుంది. కాపు కోసం దానిపై చాండ్లర్ వంటి తినే అక్రోటు రకాన్ని అంటు కట్టాలి. పైగా ఈ చెట్లకు శీతాకాలంలో దీర్ఘమైన చలి అవసరం. మొక్క హైదరాబాద్‌లో తయారు కావచ్చును గాని, తోట కశ్మీర్, హిమాచల్ వంటి చోట్లనే పెరగాలి.

అపోహ: గింజ మొక్కే గట్టిది.

వాస్తవం: ఒకే చెట్టు గింజల నుంచి వచ్చిన మొక్కలైనా ఎదుగుదలలో, తెగుళ్లను తట్టుకోవడంలో ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి. వేరుకుళ్లు కలిగించే ఫైటోఫ్తోరాను కొంతవరకు తట్టుకునే ఆర్‌ఎక్స్1 వంటి ఎంపిక చేసిన సంకర అక్రోటు మొక్క గుణం చెక్కుచెదరకుండా వేల మొక్కలకు అందాలంటే, శాఖీయంగా, అంటే గింజతో కాక మొక్క భాగాల నుంచే, పెంచడమే మార్గం. గింజ మొక్కకు ఉండే తల్లివేరు టిష్యూ కల్చర్ మొక్కకు ఉండదన్న మాట మాత్రం నిజమే. దాని వేళ్లు కాండం మొదలు నుంచి పుడతాయి. అయితే వేళ్లు కుండీలో చుట్టలు తిరగకముందే నేలకు చేర్చకపోతే, గింజ మొక్కకైనా చెట్టు నిలకడ దెబ్బతింటుంది.

అపోహ: అరటికి వాడే మాధ్యమమే అన్నింటికీ చాలు.

వాస్తవం: మాధ్యమం అంటే సీసాలో ముక్కలకు పోషకాలనిచ్చే మిశ్రమం. అందరూ వాడే ఎం.ఎస్. (మురాషిగే-స్కూగ్) మాధ్యమం 1962లో పొగాకు కణజాలం కోసం రూపొందింది. అక్రోటుకు 1984లో డ్రైవర్, కునియుకి అనే శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా డి.కె.డబ్ల్యు. మాధ్యమాన్ని తయారు చేశారు. అందులో కాల్షియం, గంధకం ఎక్కువ. దానికి తోడు కోసిన చోట స్రవించే ఫినాల్ పదార్థాలు మాధ్యమాన్ని గోధుమరంగుకు మార్చి చిగురును చంపేస్తాయి కనుక, తొలి రోజుల్లో ముక్కలను తరచుగా కొత్త మాధ్యమంలోకి మార్చక తప్పదు.

అపోహ: సీసాలో పెరిగింది కాబట్టి తెగులు ఉండదు.

వాస్తవం: నేను అన్నిటికన్నా ప్రమాదకరంగా భావించే అపోహ ఇది. మాధ్యమం తేటగా కనిపించినంత మాత్రాన కణజాలం లోపల దాగిన బాక్టీరియా, వైరస్ లేవని అర్థం కాదు. గత దశాబ్దంలో కాలిఫోర్నియా, అరిజోనాలలో శాఖీయంగా పెంచిన యుసిబి1 పిస్తా వేరుమూలాలు నాటిన తోటల్లో కణుపులు దగ్గరపడి, మొక్కలు గుబురుగా గిడసబారి, అంటు సరిగా అతకని సమస్య తలెత్తింది. రోడోకాకస్ బాక్టీరియాను కారణంగా పరిశోధకులు చూపారు, దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదనలూ జరిగాయి. ఏమైనా, ఒక్క తల్లి కల్చర్‌లో దాగిన లోపం ప్రతి విభజనతోనూ వేల మొక్కలకు పాకుతుందన్నది మాత్రం స్పష్టం. అందుకే తల్లిమొక్కను పరీక్షించి, మధ్య మధ్య కల్చర్లను కూడా పరీక్షించాలి. దీనికయ్యే ఖర్చును మిగిలించుకోవాలని చూసే ప్రయోగశాల నుంచి నర్సరీలు మొక్కలు కొనకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: ఇవి జన్యుమార్పిడి మొక్కలు.

వాస్తవం: కావు. కొత్త జన్యువును ఏదీ చేర్చరు.

అపోహ: వేరు వచ్చిందంటే పని పూర్తయినట్లే.

వాస్తవం: సీసాలోని తేమలో పెరిగిన ఆకుపై మైనపు పొర పలుచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. బయటకు తెస్తే గంటల్లోనే వాడిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో ఈ దశ మరింత కష్టం కనుక, పొగమంచు యంత్రం కింద అధిక తేమలో మొదలుపెట్టి, వారాల తరబడి తేమను తగ్గిస్తూ షేడ్‌నెట్ కిందికి మార్చాలి.

అపోహ: మన జీడిమామిడికీ ఇదే మేలు.

వాస్తవం: ఎదిగిన జీడిమామిడి చెట్టు కణజాలం నుంచి నర్సరీలకు సరిపడా మొక్కలు తయారు చేయడం ఇంకా నిలదొక్కుకోలేదు. శ్రీకాకుళం రైతు బాపట్ల రకం బి.పి.పి.-8 నాటదలిస్తే, గింజ మొక్క లేత కాండంపై కట్టిన అంటునే కొనాలి.