ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: ఆ పీడీఎఫ్ డిలీట్ చేసెయ్యండి

ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో రాసే ఇంగ్లిష్ పరీక్ష. అందులో స్పీకింగ్ భాగానికి ఒక పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది: "ఈ నెల గ్యారంటీ క్యూ కార్డులు (మాట్లాడాల్సిన టాపిక్ రాసిచ్చే కార్డులు), జవాబులతో సహా". నా దగ్గరకి స్పీకింగ్ ప్రాక్టీసుకి వచ్చే ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరి ఫోన్లో అది ఉంటుంది. డబ్బులు పెట్టి కొన్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: మంచి జవాబులు బట్టీ కొడితే 7 బ్యాండ్ (9కి 7 స్కోరు) వచ్చేస్తుంది

రాదు. ఎక్కువమందికి ఫీజు మీద ఫీజు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో క్యూ కార్డు మీద మీరు మాట్లాడేది మహా అయితే 2 నిమిషాలు. ఆ వెంటనే పార్ట్ 3లో అదే టాపిక్ పట్టుకుని ఎగ్జామినర్ 4, 5 నిమిషాలు ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు. కార్డు మీద గడగడా అప్పజెప్పిన మనిషి అక్కడికొచ్చేసరికి "యా... ఐ థింక్... వెరీ గుడ్" అని నీళ్లు నమిలితే, ఆ తేడా ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

గుంటూరు వైపు నుంచి ఒక నర్సు వచ్చింది. యూకేలో నర్సులని నమోదు చేసే ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్‌కి స్పీకింగ్‌లో 7 కావాలి, తను 6 దగ్గరే ఆగిపోతోంది. "ఎవరికైనా సాయం చేసిన సందర్భం" కార్డు ఇచ్చాను. చూపులేని తాతని రోడ్డు దాటించిన కథ ఎత్తుకుంది. ఆ తాత నాకు బాగా పరిచయం, బ్యాచ్‌కొకసారి రోడ్డు దాటుతూనే ఉంటాడు. ఆపి, "అమ్మా, ఐసీయూలో చేస్తావు కదా, మొన్న నైట్ డ్యూటీలో ఏం జరిగిందో చెప్పు" అన్నాను. వెంటిలేటర్ మీదున్న పేషెంట్ కొడుక్కి డాక్టర్ చెప్పింది బుర్రకెక్కక కారిడార్‌లో కూర్చుని ఏడుస్తుంటే, తను పక్కన కూర్చుని కాగితం మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి చెప్పిందట. "హీ డిడింట్ అండర్‌స్టుడ్" లాంటివి దొర్లాయి. అయినా ఎక్కడా తడబడలేదు. "సెడేషన్", "వైటల్స్" లాంటి మాటలు వాటంతటవే వచ్చాయి. సాయం చేయడమే ఉద్యోగమైన పిల్ల చేత లేని తాత కథ చెప్పించినవాళ్లని ఏమనాలి?

మార్కులు వేసేది నాలుగింటికి: ఫ్లూయెన్సీ-కొహెరెన్స్ (తడబడకుండా, పొందికగా మాట్లాడటం), వొకాబులరీ, గ్రామర్, ప్రొనన్సియేషన్. నాలుగింటికీ సమాన వెయిటేజీ. మీ కథ ఎంత గొప్పదన్న దానికి మార్కుల్లేవు. పైగా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆగడం 8, 9 బ్యాండ్ల వాళ్లకీ మామూలే. మాట కోసమో గ్రామర్ కోసమో వెతుక్కుంటూ పదేపదే ఆగితేనే బ్యాండ్ పడిపోతుంది. బట్టీ కొట్టినవాళ్లు ఆగేది మర్చిపోయిన వాక్యం కోసం, ఇక మీరే ఆలోచించుకోండి.

కార్డు చేతికిచ్చాక ఉండే ఆ 1 నిమిషంలో వాక్యాలు రాయకండి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఎందుకు గుర్తుండిపోయింది... ఒక్కోదానికి ఒక్కో మాట రాసుకుంటే చాలు.

అపోహ: బ్రిటిష్ యాక్సెంట్ పెట్టాలి

తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు, అర్థంకాకపోతే పోతాయి. యూట్యూబ్ చూసి నాలుక మెలితిప్పే బదులు "బస్సు", "టెస్టు" అంటూ ప్రతి మాట చివరా అచ్చు తగిలించడం మానండి. "డెవలప్‌మెంట్"లో "వె" దగ్గర నొక్కి పలకండి, "డె" దగ్గర కాదు.

అపోహ: ఎగ్జామినర్ మధ్యలో ఆపేశారంటే అయిపోయినట్టే

టైమ్ అయిపోయిందని, అంతే. దీనికే బయటికొచ్చి ఏడ్చిన పిల్లలున్నారు. అసలు ఈ పరీక్షలో పాస్, ఫెయిల్ అన్నవే లేవు. ఎగ్జామినర్ నవ్వలేదా? పోనీండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగండి, ఎవరూ ఏమీ అనరు. కోటు, టై అక్కర్లేదు.

అపోహ: బ్రిటిష్ కౌన్సిల్లో ఈజీ, ఐడీపీలో కష్టం

రెండూ ఈ పరీక్ష నిర్వహించే సంస్థలే. కానీ ఇండియాలో తన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని బ్రిటిష్ కౌన్సిల్ 2021లోనే ఐడీపీకి అమ్మేసింది. ఇంకా ఈ చర్చ దేనికో!

పీటీఈకి మారిపోతే?

పీటీఈ అంటే కంప్యూటర్‌తో మాట్లాడే మరో ఇంగ్లిష్ పరీక్ష. దాని సంగతి మరో పోస్టులో. ఒక్కటి మాత్రం చెప్తాను: అక్కడ మైక్ ముందు 3 సెకన్లు మాట్లాడకుండా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది. ఆగి ఆలోచించే అలవాటున్నవాళ్లు ఫీజు కట్టేముందు ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసి చూసుకోండి.