మీటింగ్ రూమ్ ఫోన్‌కి ముందు వినిపించేది గదే

పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క గాజు పార్టిషన్, మిగతా గోడలకి నున్నటి పుట్టీ, మధ్యలో ఆరుగురు కూర్చునే సన్‌మైకా బల్ల. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిన్న కంపెనీ మీటింగ్ రూమ్ చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. దీనికి కాన్ఫరెన్స్ ఫోన్ కొనేవాళ్లు డబ్బా మీద ‘పది అడుగుల దాకా’ అని ఉందా లేదా అని చూస్తారు. అంత దూరం నుంచి మైక్‌కి చేరేది మనిషి గొంతా, గది హోరా అనే సంగతి డబ్బా మీద ఉండదు.

మాట మైక్‌ని రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నోటి నుంచి నేరుగా. రెండోది గోడలకీ టైల్స్‌కీ గాజుకీ తగిలి, చుట్టూ తిరిగి. నేరుగా వచ్చేది దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. తిరిగొచ్చేది మాత్రం గదిలో ఏ మూలన విన్నా దాదాపు ఒకటే. ఈ రెండూ సమానమయ్యే దూరానికి చిన్న లెక్క ఉంది: గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని, ప్రతినాద కాలంతో భాగించి, వర్గమూలాన్ని 0.057తో గుణిస్తే దూరం మీటర్లలో వస్తుంది. ప్రతినాద కాలం అంటే శబ్దం ఆగిన తర్వాత 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం. మన గది 54 ఘనమీటర్లు. ప్రతినాదం 1 సెకను అనుకుంటే జవాబు 0.42 మీటర్లు, అంటే అడుగున్నర కూడా లేదు. బల్ల చివర నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చున్న మనిషి విషయంలో గది శబ్దం నేరు శబ్దం కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ. శక్తిలో చూస్తే పది రెట్లు. అవతలివాళ్లు ‘బావిలోంచి మాట్లాడుతున్నారా?’ అని అడిగేది అందుకే.

అన్ని వైపుల నుంచీ ఒకేలా వినే మైక్‌కి వేసిన లెక్క ఇది. ముందువైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైక్ పెడితే ఆ దూరం 1.7 రెట్లవుతుంది. 1992లో వచ్చిన పాలీకామ్ కంపెనీ కాన్ఫరెన్స్ ఫోన్ సౌండ్‌స్టేషన్ మూడు కాళ్లతో ఉండటం వెనక కారణం ఇదే: ఒక్కో కాలికి ఒక మైక్, మూడూ మూడు దిక్కులకి. కొనేటప్పుడు మైకులు ఎన్ని అన్నదాని కంటే అవి ఏ రకం అన్నది ముందు అడగాలి.

సరైన మైక్ ఎంచుకోవడం ఒక ఉపాయం. రెండోది గదిని మెత్తబరచడం. హార్వర్డ్‌లో ఓ లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదని 1895లో అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబైన్‌కి దాన్ని సరిచేసే పని అప్పగిస్తే, పక్కనున్న థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించి, ఎన్ని పరిస్తే ప్రతినాదం ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం మన గదిలో 1 సెకనుని అర సెకను చేయాలంటే శబ్దాన్ని పూర్తిగా పీల్చే ఉపరితలం సుమారు 95 చదరపు అడుగులు అదనంగా కావాలి. సగమే పీల్చే మందపాటి కర్టెన్ అయితే 190. గాజు పార్టిషన్ పొడవునా మడతలు పడేలా కర్టెన్ వేసి, ఎదురు గోడకి కాస్త ఫోమ్ ప్యానెల్ కొడితే అయిపోతుంది. ఖరీదైన మోడల్‌కి పెట్టే అదనపు డబ్బు ముందు దీనిమీద పెట్టడమే లాభం.

ఇక ఎకో. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే తప్పు సాధారణంగా అవతలి గదిలో ఉంటుంది. మీ ఫోన్ పాడైందని మార్చేస్తే డబ్బు దండగ. స్పీకర్‌లోంచి ఏం బయటికి పోతోందో ఫోన్‌కి తెలుసు కాబట్టి, అది గదిలో తిరిగి మైక్‌లోకి ఏ రూపంలో వస్తుందో అంచనా కట్టి తీసేస్తుంది. ఆ అంచనా గదిని బట్టి నేర్చుకున్నది. మాట్లాడేవాళ్ల ముందుకి ఫోన్ జరిపినా, పక్కన లాప్‌టాప్ మూత తెరిచినా మళ్లీ నేర్చుకోవాలి. నెత్తిన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే రెక్కల మీంచి వచ్చే శబ్దం క్షణక్షణం మారుతుంది, పైగా గాలి మైక్‌కి కొడుతుంది. ఫోన్‌ని ఫ్యాన్ కింద నుంచి తప్పించి, బల్ల మీద ఒకచోట స్థిరంగా ఉంచాలి. ఒకే గదిలో రెండు లాప్‌టాప్‌లు మైకులు తెరిచి అదే మీటింగ్‌లో చేరితే ఏ ఫోనూ కాపాడలేదు. ఒకదాని స్పీకర్‌లో ఏముందో రెండోదానికి తెలియదు మరి.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే రెండు గొంతులూ నిలవాలి. దాన్ని ఫుల్ డూప్లెక్స్ అంటారు. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ వారి పి.340 ప్రమాణంలో దీనికి టైప్ 1 అని పేరు. టైప్ 3 అంటే ఒకరు నోరు తెరిస్తే రెండోవారిది కోసేస్తుంది.

లైన్ సంగతి తేలికే. మీటింగులన్నీ జూమ్, టీమ్స్‌లోనే జరిగితే యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ చాలు. బ్లూటూత్ కంటే కేబుల్ నయం. ఆఫీసులో ఐపీ పీబీఎక్స్ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఆఫీసు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్) ఉంటే దానికి కలిసే సిప్ ఫోన్ తీసుకుని, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పెట్టె) నుంచి 100 మీటర్ల లోపు ఒకే కేబుల్‌తో కరెంటు, డేటా రెండూ ఇవ్వొచ్చు. ఆ స్విచ్చినీ రౌటర్‌నీ ఫైబర్ డబ్బానీ యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయినా మీటింగ్ ఆగదు. పాత టెలిఫోన్ లైన్ మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. ‘స’, ‘ఫ’ లాంటి హల్లుల బలం చాలావరకు అంతకు పైనే ఉంటుంది. జి.722 అనే కోడెక్ (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) అయితే 7000 దాకా వస్తుంది, కానీ రెండు చివరలూ మధ్య దారీ దాన్ని ఒప్పుకోవాలి.

వాపసు గడువు దాటకముందే, ఏసీ, ఫ్యాన్ వేసే ఉంచి, మీరు బయటి నుంచి ఫోన్ చేయండి. లోపలివాళ్లు ఒక్కో కుర్చీ నుంచి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాలి, మీరూ అదే సమయంలో లెక్కపెట్టాలి. మీకు వినపడకుండా పోయిన అంకెలు రాసుకోండి. మీ సొంత గొంతు వెనక్కి వస్తే మాత్రం ఈసారి తప్పు ఆ ఫోన్‌దో ఆ గదిదో. మధ్యలో ‘డ్ర్‌ర్ డ్ర్‌ర్’ అని చప్పుడొస్తే ఫోన్ పక్కన ఎవరిదో 2జీ మొబైల్ ఉండి ఉంటుంది. 2జీ పద్ధతి అయిన జీఎస్ఎం సెకనుకి 217 సార్లు కొట్టే తరంగం అది. మొబైల్‌ని మూడడుగులు జరిపి చూడండి.