ఫోన్ హ్యాకైందన్న అనుమానం: గోదావరి డెల్టాలో వినిపించే అపోహలు – వాస్తవాలు

ఫోన్ దానంతట అదే యాప్‌లు తెరుస్తోంది. బ్యాటరీ ఒక పూట కూడా నిలవడం లేదు. కొత్త డివైస్‌లో సైన్ ఇన్ జరిగిందని గూగుల్ నుంచి మెయిల్ వచ్చింది. మొదటి రెండూ చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. మూడోదాన్ని చదవకుండానే పక్కకు జరిపేస్తారు. అసలు ఆగి చూడాల్సింది ఆ మూడోదాన్నే. హ్యాకింగ్ జరిగిందనడానికి ఫోన్ ప్రవర్తన చాలా బలహీనమైన సాక్ష్యం. ఏ యాప్‌కి ఏ పర్మిషన్ ఉంది, ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉంది, రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరవడానికి కోడ్ వచ్చే నంబర్) ఎవరిది అన్న వివరాలు అంతకంటే గట్టివి. భీమవరం నుంచి అమలాపురం దాకా రోజూ వినబడే మాటల్ని ఈ లెక్కలోనే చూద్దాం.

అపోహ: ఫోన్ వేడెక్కుతోంది, తెర మీద దానంతట అదే నొక్కుకుంటోంది. ఎవరో దూరం నుంచి ఆడిస్తున్నారు.

వాస్తవం: వేలు ఆనినప్పుడు తెర మీద కలిగే విద్యుత్ మార్పును బట్టి ఫోన్ స్పర్శను గుర్తిస్తుంది. ఉప్పునీటి చుక్క కూడా దానికి వేలులాగే కనబడుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద మేత చూసే చెక్ ట్రే లేపిన తడి చేత్తోనే ఫోన్ తీస్తే, టెంపర్డ్ గ్లాస్ అంచు కిందికి ఆ తడి దిగుతుంది. నీరు ఆరినా ఉప్పు పొర మిగిలిపోతుంది, గాల్లో తేమ ఎక్కువైన పూట మళ్లీ అదే తంతు. ఇక రెండో కారణం చౌక చార్జర్. అందులోంచి వచ్చే విద్యుత్ రొద తెరను గందరగోళపెడుతుంది.

పరీక్ష తేలికే. ముందు చార్జర్ పిన్ను తీసేయండి. నొక్కుళ్లు ఆగితే తప్పు చార్జర్‌ది. ఆగకపోతే ఫోన్ ఆఫ్ చేసి, టెంపర్డ్ గ్లాస్ పూర్తిగా ఊడదీసి, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తెర తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. వెనక ప్యానెల్ ఉబ్బి తెర అంచు లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. చార్జింగ్ ఆపేసి వెంటనే బ్యాటరీ మార్పించాలి. వేడికైతే సిగ్నల్ కూడా ఒక కారణం. టవర్ దూరంగా ఉన్న లంక గ్రామాల్లో ఫోన్ ఎక్కువ శక్తితో సిగ్నల్ పంపాల్సి వస్తుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిస్తే ఏ యాప్ ఎంత తాగుతోందో కనబడుతుంది. మీరు వేసుకోని యాప్ పేరు పైన ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నిజంగా దూరం నుంచి నడిపే ఫోన్ ఇలా పిచ్చిపిచ్చిగా నొక్కుకోదు. తెర నల్లబడుతుంది, లేదా "అప్‌డేట్ అవుతోంది, ఫోన్ ముట్టుకోవద్దు" అన్న బొమ్మ పరుచుకుంటుంది. దాని వెనక బ్యాంకు యాప్ తెరిచి పని కానిస్తారు.

అపోహ: *#21# కొడితే ఫోన్ ట్యాప్ అయిందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ కోడ్ చెప్పేది ఒక్కటే, మీకొచ్చే కాల్స్ అన్నీ ఇంకో నంబర్‌కి ఫార్వర్డ్ అవుతున్నాయా లేదా అని. *#62# కొడితే, ఫోన్ అందనప్పుడు కాల్స్ ఎక్కడికి పోతాయో చూపిస్తుంది. అక్కడ కనబడే తెలియని నంబర్ చాలాసార్లు మీ నెట్‌వర్క్ వాళ్ల వాయిస్ మెయిల్‌దో, మిస్డ్ కాల్ అలర్ట్‌దో అయి ఉంటుంది. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ కనబడితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కొరియర్ వాళ్లమంటూ *401* తర్వాత ఒక నంబర్ కొట్టించి, ఫోన్ కాల్‌లో వచ్చే ఓటీపీలను తమవైపు తిప్పుకున్న మోసాలు ఎక్కువవడంతో, టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కోడ్‌లతో ఫార్వర్డింగ్ పెట్టుకునే సౌకర్యాన్ని ఆపించింది. కోడ్‌లు అన్ని నెట్‌వర్క్‌లలోనూ ఒకేలా పనిచేయవు. కాబట్టి ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి చూసుకోవడం మేలు.

అపోహ: గూగుల్ ఖాతాలో చెన్నై అనో హైదరాబాద్ అనో చూపిస్తోంది. నేనుండేది రాజోలు. అంటే హ్యాకే.

వాస్తవం: మొబైల్ డేటాలో ఆ ఊరి పేరు మీరున్న చోటు కాకపోవచ్చు. మీ నెట్ ఏ గేట్‌వే (కంపెనీ నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌తో కలిపే చోటు) నుంచి బయటికి వెళ్తే ఆ చోటే కనబడుతుంది. ఊరు వదిలేసి మూడు సంగతులు చూడండి: డివైస్ ఏది, మొదట ఎప్పుడు సైన్ ఇన్ అయింది, ఏ బ్రౌజర్. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో "యువర్ డివైసెస్" కింద గత 28 రోజుల్లో ఖాతా తెరిచి ఉన్న డివైస్‌లన్నీ ఉంటాయి. ఒకే ఫోన్ రెండు మూడుసార్లు కనబడినా భయం లేదు, బ్రౌజర్‌కి ఒకటి, యాప్‌కి ఒకటి చొప్పున సెషన్లు అవి. ఇంట్లో కంప్యూటరే లేకుండా అక్కడ విండోస్ అని ఉంటే మాత్రం గుర్తు తెచ్చుకోండి. హాల్ టికెట్ కోసమో, ఉద్యోగం అప్లికేషన్ కోసమో నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిచి, లాగౌట్ చేయకుండా వచ్చేశారేమో. దాని మీద నొక్కి సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చాలి.

అపోహ: మిస్డ్ కాల్ ఇచ్చినా, ఫొటో పంపినా చాలు, ఫోన్ వాళ్ల చేతుల్లోకి పోతుంది.

వాస్తవం: ఈ మాట గాల్లోంచి పుట్టింది కాదు. 2019లో వాట్సాప్ కాలింగ్‌లో అలాంటి లోపమే బయటపడింది. కాల్ ఎత్తకపోయినా పెగసస్ అనే స్పైవేర్ (ఫోన్‌లో దూరి నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) చేరింది. సుమారు 1400 మందిని లక్ష్యంగా చేసుకున్నారని వాట్సాప్ చెప్పింది. ఆ ఏడాది మే నెలలోనే అప్‌డేట్‌తో దాన్ని పూడ్చేశారు. పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు, అధికారుల మీద ప్రయోగించే ఖరీదైన ఆయుధం అది. ఖాతాలో పడిన మేత డబ్బుల కోసమో, కొబ్బరి దింపు డబ్బుల కోసమో ఎవరూ దాన్ని వాడరు.

ఇక్కడి ఫోన్లలోకి దొంగ దూరేది ఏపీకే ఫైలుతో, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ పెట్టే ఫైలుతో. ముహూర్తాల రోజుల్లో పెళ్లి శుభలేఖ, మిగతా రోజుల్లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ విడత పేరుతో వాట్సాప్‌లో వస్తుంది. పంపింది సొంత బావమరిదే అయి ఉండొచ్చు, ఎందుకంటే ముందు అతని ఫోన్‌లో చేరి, అక్కడి నుంచి అతని గ్రూపులన్నిటికీ తనే వెళ్లింది. ఫొటో గానీ పీడీఎఫ్ గానీ ఎప్పుడూ "ఇన్‌స్టాల్" అని అడగదు. అడిగిందంటే అది శుభలేఖ కాదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్ఎంఎస్ పర్మిషన్, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ అడుగుతుంది. మొదటిదానితో ఓటీపీలు చదువుతుంది. రెండోదానితో తెర మీద ఉన్నదంతా చూస్తుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది.

పొరపాటున నొక్కేశాక చేయాల్సిన పని వరసలో చెప్తాం, వరస ముఖ్యం. ముందు ఫ్లైట్ మోడ్. డేటా ఒక్కటే ఆపితే చాలదు, చాలా ఏపీకేలు ఓటీపీని మామూలు ఎస్ఎంఎస్‌గా కూడా పంపేస్తాయి. వైఫై ఆగిందో లేదో విడిగా చూసుకోండి. తర్వాత ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు ఆపించండి. అప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా మొత్తం తెరవండి. హోమ్ స్క్రీన్ మీద వెతికి లాభం లేదు, ఇలాంటివి ఐకాన్ దాచేస్తాయి. "సిస్టమ్ అప్‌డేట్" లాంటి పెద్దమనిషి పేరు పెట్టుకుని ఉంటాయి. చాలా ఫోన్లలో యాప్ ఇన్ఫో పేజీ అడుగున అది ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయిందో రాసి ఉంటుంది. అక్కడ ప్లే స్టోర్ బదులు వాట్సాప్, ఫైల్ మేనేజర్, క్రోమ్ అని ఉన్నవాటిని పట్టుకోండి.

అన్‌ఇన్‌స్టాల్ బటన్ బూడిదరంగులో ఉంటే, సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారం ఇచ్చిన యాప్‌ల జాబితా) అని వెతికి, అక్కడ దాని టిక్ తీసి మళ్లీ ప్రయత్నించండి. ఆ పేజీ తెరవగానే దానంతట అదే మూసుకుపోతోందా? అది ఏపీకే పనే, యాక్సెసిబిలిటీతో వెనక్కి బటన్ తనే నొక్కుతోంది. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో కనబడే పవర్ ఆఫ్ మీద వేలు అదిమి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో బయటి యాప్‌లు నడవవు, తీసేయడం సులువు. తీసేశాక యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డిఫాల్ట్ ఎస్ఎంఎస్ యాప్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్, ఈ నాలుగు పేజీలూ చూసి తెలియని పేర్లు ఆపేయండి. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ కూడా చేయండి. ఫోన్ బూస్టర్లు, క్లీనర్లు దీనికి పనికిరావు.

అపోహ: ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అంతా శుభ్రం.

వాస్తవం: ఫోన్‌లో ఉన్న ఏపీకే దాదాపు ఎప్పుడూ పోతుంది. ఖాతా పాస్‌వర్డ్ ఇప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే రీసెట్ దాన్నేమీ చేయదు. డబ్బు పోయిన కేసులో అయితే ముందే రీసెట్ కొట్టడం పెద్ద నష్టం, ఆధారాలన్నీ పోతాయి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకు మెసేజ్, యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబర్, ఏపీకే వచ్చిన చాట్, ఇన్‌స్టాల్ అయిన యాప్ పేజీ, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి వేరే ఫోన్‌కి పంపాకే రీసెట్ మాట.

అపోహ: ఓటీపీ రాకుండానే డబ్బు పోయింది, ఫోన్ హ్యాక్ చేశారు.

వాస్తవం: బ్యాంకు మెసేజ్‌లో ఏఈపీఎస్ అని ఉందేమో చూడండి. ఆధార్ నంబర్, వేలిముద్రతో మైక్రో ఏటీఎంలో (బ్యాంకు ప్రతినిధి దగ్గరుండే చిన్న యంత్రంలో) డబ్బు తీసే పద్ధతి అది, ఓటీపీ అడగదు. అందులో మీ ఫోన్ పాత్రే లేదు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు, అప్పుడు మీ వేలిముద్ర చెల్లదు. రేషన్‌కో పింఛనుకో వేలిముద్ర వేసే ముందు అన్‌లాక్ చేసుకోవడం మరిచిపోవద్దు.

అపోహ: వాట్సాప్ ఎవరో వాడుతున్నారంటే ఫోన్ మొత్తం పోయినట్టే.

వాస్తవం: లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చేస్తే సరిపోతుంది. అసలు ఖాతానే లాక్కుపోయి ఉంటే, మీ నంబర్‌తో మళ్లీ రిజిస్టర్ చేసి ఆరంకెల కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు పిన్ పెట్టేసి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాల్సి రావచ్చు, అయినా ఆ 7 రోజులూ వాడూ లోపల ఉండడు. తిరిగి వచ్చాక టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, దానికో ఈమెయిల్ పెట్టుకోండి.

అపోహ: "నీ కెమెరాతో వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపు" అన్న మెయిల్‌లో నా పాస్‌వర్డ్ కూడా ఉంది. నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైన పాత పాస్‌వర్డ్ అది, లక్షల మందికి అదే మెయిల్ వెళ్తుంది. డబ్బు పంపొద్దు, జవాబివ్వొద్దు. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడ మార్చండి.

అపోహ: పాస్‌వర్డ్ మార్చేశాను, ఇక ఖాతా నాదే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచే నమ్మకం ఇదే. ఏపీకే ఉన్న ఫోన్‌లోనే పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కూడా దానికి తెలిసిపోతుంది. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి, మీరెప్పుడూ వాడే వైఫై మీదే చేయండి. తెలిసిన చోటు నుంచి ప్రయత్నిస్తే గూగుల్ మిమ్మల్ని నమ్మడం సులువవుతుంది. పాస్‌వర్డ్ కంటే ముందు రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ చూడండి. అవి అవతలివాడివైతే, మీరు ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా "మరిచిపోయాను" అని నొక్కి వాడు మళ్లీ వచ్చేస్తాడు. వాటిని మార్చాక కూడా 7 రోజుల పాటు పాత నంబర్‌కి కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఉంచవచ్చు. ఆ వారం సెక్యూరిటీ మెయిల్స్ రోజూ చదవండి.

పాస్‌వర్డ్ మార్చాక డివైస్‌ల జాబితాలో తెలియనివన్నీ సైన్ అవుట్ చేయాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టి, ఫోన్ దగ్గర లేనప్పుడు వాడే పాత బ్యాకప్ కోడ్‌లు రద్దు చేసి కొత్తవి తీసుకోవాలి. మీకు తెలియని పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళం), థర్డ్ పార్టీ యాప్ కనెక్షన్ (మీ ఖాతాలోకి వెళ్లే అనుమతి ఉన్న బయటి యాప్) ఉంటే తీసేయాలి. చివరగా జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ చూడండి. బ్యాంకు మెయిల్స్ ఇంకొకరికి పంపి, మీ ఇన్‌బాక్స్‌లో చెరిపేసే ఫిల్టర్ పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మారినా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఈ డెల్టాలో దొంగ లేకుండానే ఖాతాలు చేయిజారే దారులు రెండున్నాయి. ఒకటి, ఫోన్ కొన్న రోజున సెల్ షాపు కుర్రాడు చేసిపెట్టిన జీమెయిల్. పాస్‌వర్డ్ అతనికే తెలుసు, తొందరలో రికవరీ నంబర్ కూడా షాపుదే ఇచ్చి ఉండొచ్చు. అమ్మానాన్నల ఫోన్లలో ఈ రోజే చూడండి. రెండోది గల్ఫ్. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లాక ఇక్కడి సిమ్‌కి రీచార్జ్ ఆగిపోతుంది, నంబర్ డిస్‌కనెక్ట్ అవుతుంది. కనీసం 90 రోజులు ఆగాక కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. కొన్నవాళ్లు మామూలు మనుషులే, కానీ మీ గూగుల్ కోడ్, మీ బ్యాంకు ఓటీపీ ఇక వాళ్ల ఫోన్‌కే వెళ్తాయి. అందుకని పాత సిమ్ ఆగిపోకముందే గూగుల్ రికవరీ నంబర్ ఇంట్లోవాళ్లదో అక్కడి నంబరో పెట్టాలి, వాట్సాప్‌లో చేంజ్ నంబర్ చేయాలి, బ్యాంకులో రాసిచ్చి నంబర్ మార్పించాలి. ఈ మూడూ అయ్యాకే పాత సిమ్ వదిలేయాలి.